ఈరమ్మ చంపిందో లేదో రాసియ్యి

అలియాబాద్,
3-8-2024

పేరు నర్సమ్మ. పెనిమిటి మల్లయ్య, పోయి పందొమ్మిదేండ్లు. నా వయసు డెబ్బై ఎనిమిది. ఆధార్ కార్డుల డెబ్బై రెండని ఉన్నది, అది కార్డు చేసిన తప్పు, నాది కాదు. ఊరు అలియాబాద్, శామీర్‌పేట మండలం. ఇంట్ల కొడుకు కుమార్, కోడలు, నేను, ఒక బర్రె. చేసే పని బాలింతలకు, పసిపిల్లలకు నీళ్ళు పోసుడు. యాభై రెండేండ్ల సంది చేస్తున్న. నా కాళ్ళ మీద పండి లేచిన పిల్లలు ఎంతమందో లెక్కపెట్టలేదు. పిల్లల్ని లెక్కపెట్టొద్దు.

చెప్పేది నేను, రాసేది మా పక్కింటి మెహ్జబీన్. బట్టలు కుట్టే దుకాణం నడుపుతది, తెలుగు మీడియంల పదో తరగతి. తన ముగ్గురు పిల్లలకూ నేనే పోసిన. నా నోట్లకెళ్ళి వచ్చింది వచ్చినట్టే రాస్తనని మాట ఇచ్చింది.

ఇది మేడ్చల్‌ల ఉండే నా అన్నకొడుకు ఎల్లేష్‌కు. పుస్తకాల మీద హేమచంద్ అని ఏసుకుంటడు. ఎల్లమ్మకు మొక్కి నీకా పేరు పెట్టింది నేను. గా పేరు అట్ట మీద ఉంటే సస్పెన్సు నవల అమ్ముడుపోదని చెప్పినవట. హేమచంద్ అంటే భయపడ్తరా జనం?

ఎల్లేశా, ఫోన్ల నీతోని నాలుగు సార్లు మాట్లాడిన. నాలుగు సార్లు "అట్లనే అత్తమ్మా, సూద్దాం అత్తమ్మా" అన్నవు. ఫోన్ల మాట ఫోన్లనే సస్తది. అందుకే కాయితం. కుమార్ నడిపే కంపెనీ క్యాబ్ తుర్కపల్లి ల్యాబు స్టాఫ్‌ను ఎక్కించుకోనీకి పొద్దున మేడ్చల్ వస్తది. మీ గేట్ల ఏసి పోతడు. జవాబు వాని చేతికే ఇయ్యి.

సంగతి చెప్త. నీ కొత్త పుస్తకం "ఇరవై ఒకటో స్నానం" మెహ్జబీన్ ఆరు దినాలు మధ్యాన్నం పూట మిషన్ ఆపి ఆపి నాకు చదివి వినిపించింది. చెరువు పక్క పెద్ద బంగ్లా, ఇరవై ఒక్క దినాల మగపిల్లగాడు, నీళ్ళు పోసుకున్నంక సచ్చిపోయిండు. డాక్టరు చిన్నాయిన మీద అనుమానం, నీళ్ళు పోసే ముసల్ది ఈరమ్మ మీద అనుమానం. మూడు వందల పేజీలు ఊరించినవు. ఆఖరికి పోలీసాయన ఈరమ్మ తలుపు కొడితే ఆమె చేతులు కడుక్కొని నవ్విందని రాసి పుస్తకం మూసినవు. చంపిందా, లేదా? తెల్వది. ఇంగ పేజీలు లేవు. ఎనకకు తిప్పి చూడమన్న, అట్ట మీద నీ ఫోటో ఉన్నదట.

ఈరమ్మ ముంజేతి మీద తేలు పచ్చబొట్టు అని రాసినవు. నా ముంజేతి మీద ఏమున్నది? ఆఖరి పేజీల ఇంకోటి రాసినవు: "ఈ నవలకు ప్రేరణ అలియాబాద్‌లో పసిపిల్లలకు నీళ్ళు పోసే మా మేనత్త. ఆమెకు నా కృతజ్ఞతలు." పిల్లను చంపిన కతకు ప్రేరణ నేనట. థాంక్స్ నాకట.

ఇప్పుడు విను. మా ఊరి పక్క కొత్త కాలనీల జానకిరామయ్య సారని తణుకు నుంచి వచ్చినాయన ఉన్నడు, రిటైరైన హెడ్మాస్టరు. భార్య పార్వతీదేవి. కోడలు అనూహ్య తుర్కపల్లి ల్యాబుల పని చేస్తది, మొన్న జూలైల కొడుకును కన్నది. ఐదో దినం నుంచి నేనే పోస్తున్న. పంతొమ్మిదో దినం పోతే పార్వతీదేవి గేటు కాడనే ఆపింది. "ఏమనుకోకండి నర్సమ్మ గారూ. పుస్తకం నిన్నే పూర్తి చేశాను. నాకైతే ఆ ఈరమ్మే చంపిందనిపిస్తోంది. మీరని కాదు. కానీ మనసొప్పడం లేదు" అన్నది. ఎనక నుంచి సారు "చంపలేదే, చదవడం నేర్చుకో" అన్నడు. గేటు కాడనే ఇద్దరు కొట్లాడుకున్నరు. లోపల పిల్లగాడు ఏడుస్తున్నడు. నేను నూనె గిన్నె పట్టుకొని నిలబడ్డ.

ఆఖరికి పార్వతీదేవి ఏమన్నదంటే, "రాసినాయన మీ మేనల్లుడేగా. చంపలేదని ఒక్క ముక్క రాయించుకు రండి, రేపే నీళ్ళు పోద్దురు గాని."

కాలనీల ఇంకో మూడిండ్లు కూడ అదే దారి పట్టినయి. పుస్తకం చదివి చంపింది అన్నోళ్ళు నన్ను రావొద్దంటరు. చంపలే అన్నోళ్ళు రమ్మంటరు, కాని వాళ్ళ ఇంట్ల పిల్లలు లేరు.

నాకు నీ పుస్తకం వద్దు, నీ థాంక్స్ వద్దు. ఈరమ్మ చంపలేదని ఒక్క లైను రాసి, కింద సంతకం పెట్టి పంపు. రాసుడే కదా నీ పని.

నీ మేనత్త,
నర్సమ్మ (వేలిముద్ర)


మేడ్చల్,
6-8-2024

పూజ్యులైన అత్తమ్మకు ఎల్లేష్ నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. నా నవల నువ్వు ఆరు రోజులు కూర్చొని విన్నావంటే నాకు ఏ అవార్డూ అక్కర్లేదు. ఆ మెహ్జబీన్ గారికి నా నమస్కారం చెప్పు, దస్తూరి ముచ్చటగా ఉంది.

నీ కోపం అర్థమైంది కానీ అత్తమ్మా, నువ్వు చెప్పిన గొడవే ఈ నవల గెలుపు. రాష్ట్రమంతా ఇట్లనే ఉంది. ఒక వర్గం "ఈరమ్మే" అంటుంది, ఒక వర్గం "ఈరమ్మ కాదు" అంటుంది. భార్యాభర్తలు, అన్నదమ్ములు, ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్ళు విడిపోయి వాదించుకుంటున్నారు. రెండో ముద్రణకు పోతున్నాం. పద్దెనిమిదో తారీఖున మేడ్చల్‌లో ఫంక్షన్ హాలు తీసుకొని "పాఠకుల తీర్పు" అని సభ పెడుతున్నారు. వచ్చినవాళ్ళు చీటీలు వేస్తారు. అట్లాంటప్పుడు నేనే నోరు తెరిచి చెప్పేస్తే ఇంకేం మిగులుతుంది? చెప్పకపోవడమే ఆ ముగింపు బలం. పాఠకులకు వదిలేశాను.

ఒక అనుమానం కూడా ఉంది, తప్పుగా అనుకోకు. జానకిరామయ్య అన్న పేరుతో ఒకాయన నాకు పదకొండు పేజీల ఉత్తరం రాశాడు. నవల్లో ముప్పై నాలుగు తప్పులున్నాయని నంబర్లు వేసి మరీ. ఈయన ఆయనేనా? నాచేత ముగింపు చెప్పించడానికి నిన్ను ముందుకు తోస్తున్నాడేమో చూసుకో. ఇలాంటి పాఠకులు నాకు కొత్త కాదు.

తేలు పచ్చబొట్టు సంగతి: అది గౌరవంగానే రాశాను. నీ చేయి నాకు చిన్నప్పటి నుంచి కళ్ళల్లో ఉంది.

సంతకం పెట్టిన కాపీ ఒకటి, సభ పోస్టరు ఒకటి కుమార్ చేతికి ఇస్తున్నాను. పోస్టరు మీ ఇంటి గోడకు పెట్టుకో, నలుగురూ చూస్తారు. సభకు వస్తానంటే కారు పంపిస్తా, వేదిక మీద శాలువా కప్పుతాం.

ఆరోగ్యం జాగ్రత్త.

నీ మేనల్లుడు,
ఎల్లేష్


అలియాబాద్,
9-8-2024

ఎల్లేష్‌కు నర్సమ్మ రాయించేది.

చదువురాని దానికి సంతకం పెట్టిన పుస్తకం పంపినవు. మెహ్జబీన్ కుట్టుమిషన్ కాలు ఒకటి పొట్టిగ ఉంటది, దాని కింద పెట్టినం. ఇప్పుడు ఊగుతలేదు. నీ పుస్తకం ఒకళ్ళకన్న పనికొచ్చింది. పోస్టరు బర్రె కొట్టంల వాన కొట్టే దిక్కు కట్టిన.

జానకిరామయ్య సారు నన్ను తోస్తున్నడా? ఆయన తన పెండ్లాన్నే తొయ్యలేడు. ముప్పై నాలుగు తప్పులు పట్టినాయన ఆయననే, అడిగితే ఒప్పుకున్నడు. మరి ఇన్ని తప్పులున్న పుస్తకం ఎందుకు సార్ మూడుసార్లు చదివిండ్రు అన్న. "తప్పులు పట్టాలంటే చదవాలి కదమ్మా" అన్నడు. నిన్ను చదివేటోళ్ళు గిట్లాంటోళ్ళు. ఆయనేమో ఈరమ్మ అమాయకురాలు, డాక్టరే చంపిండు, నూటపదో పేజీల సూది మాట ఉంది చూడు అంటడు. పార్వతీదేవేమో నవ్వింది కదా, నవ్వినామె చంపకుండ ఉంటదా అంటది. సచ్చిన పిల్లగాని పేరేందని ఇద్దర్ని అడిగిన. ఇద్దరికీ యాదికి లేదు. వారం నుంచి ఆమె వంటింట్ల తింటాంది, ఆయన వరండల తింటాండు. నడుమల పసిపోరన్ని ప్లాస్టిక్ టబ్బుల కూసోబెట్టి మగ్గుతోని పోస్తున్నరు. నెల కూడ దాటలే, మెడ నిలవదు, కూసోబెట్టుడేంది? మెడ మడతల సున్నిపిండి ఉండిపోయి చెమటకాయలు లేసినయట. అనూహ్య సందుల కనపడి చెప్పింది. ఆ పిల్ల నీ పుస్తకం చదవలే, నిద్రకే టైం లేదన్నది. అత్త మాట దాటలేదు.

ఇగ నీ పుస్తకం సంగతి. నీకు ముప్పై నాలుగు తప్పులు చాలలేదు, ముప్పై ఐదోది నేను చెప్త. ఈరమ్మ తలుపు గొళ్ళెం పెట్టుకొని ఒక్కతే నీళ్ళు పోసిందని రాసినవు. గా గొళ్ళెం మీదనే కదా నీ కత అంత నిలబడ్డది. ఎల్లేశా, తలుపేసుకొని నీళ్ళు పోసిన మంత్రసాని ఈ భూమ్మీద ఉన్నదా? పీటేసి కూసున్నమంటే అమ్మమ్మ, నాయనమ్మ, పక్కింటామె, ఎదురింటామె, అందరు సుట్టు నిలబడ్తరు. ఒకళ్ళు నీళ్ళు అందిస్తరు, ఒకళ్ళు సాంబ్రాణి, ఒకళ్ళు ఉత్తగనే మాటలు. పిల్లగాని ముక్కు సూటిగ రావాలంటే గిట్ల ఒత్తు అని నాకే నేర్పుతరు. అంతమంది కండ్ల ముంగట ఎవలు చంపుతరు? ఎట్ల చంపుతరు?

మల్ల వెల్లకిల పండవెట్టి మొకం మీద నీళ్ళు గుమ్మరిచ్చిందట. ముందుగాల బోర్ల, ఈపుకు, తరువాత వెల్లకిల. తలకు పోసేటప్పుడు నొసటికి చెయ్యి సూరు లెక్క అడ్డం పెడ్తం. నీళ్ళు ఎనకకు పోతయి. నీకు కూడ అట్లనే పోసిన. నీ పుస్తకం అంత మగోని స్నానం. చెంబు ఎత్తి నెత్తిన గుమ్మరిచ్చుకునుడు తప్ప నీకేం తెల్వదు.

పాఠకులకు వదిలేసినవట. కుండల కూడు కుండలనే ఉండాలె, బిడ్డ మాత్రం దుడ్డోలె ఉండాలె. లొల్లి కావాలె, పేరు కావాలె, మాట మాత్రం నోట్లకెళ్ళి రావొద్దు. పాఠకులు ఏం చేసిండ్రో తెలుసా? తీస్కపోయి నా గేటు కాడ వదిలేసిండ్రు. నీ సభకు నేను రాను. శాలువ నువ్వే కప్పుకో. చీటీలేసి ఒక ఆడిది హంతకురాలా కాదా అని తేల్చే జనం ముంగట కూసోనీకి నాకేం పట్టింది?

లైను రాసి పంపు. ఇది రెండోసారి అడుగుడు.

నర్సమ్మ (వేలిముద్ర)

రాసిన మెహ్జబీన్ నుంచి ఒక మాట: సార్, నాకు మీ నవల నచ్చింది. నా అంచనాల ఈరమ్మే చంపింది, అది కతల ఈరమ్మ. ఆ మాట నర్సమ్మవ్వకు చెప్పిన. రెండు దినాలు నా దుకాణం ముంగట నుంచి పోకుండ సుట్టు తిరిగి పోయింది. జల్దీ ఏదన్న రాసి పంపండి సార్.


మేడ్చల్,
19-8-2024

అత్తమ్మకు ఎల్లేష్ రాయునది.

సభ నిన్న జరిగింది. "ఈరమ్మే" అన్నవాళ్ళు అరవై ఒక్కరు, "కాదు" అన్నవాళ్ళు యాభై ఎనిమిది మంది. ముగ్గురు ఖాళీ చీటీలు వేశారు. కుర్చీలు ఎత్తుకునేదాకా వచ్చింది. వేదిక మీద ఒక ఆవిడ లేచి "మీకైనా తెలుసా సార్?" అని అడిగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ రాత్రి నుంచి ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నీకు దాచడం ఎందుకు, నాకు తెలియదు అత్తమ్మా. తెలిసి దాచానని అందరూ అనుకుంటున్నారు. తెలియకే రాయలేదు.

ఈ మాట ఇన్నేళ్ళూ మనిద్దరి మధ్య రాలేదు. నాకు ఆరేళ్ళప్పుడు తమ్ముడు పుట్టి పదో రోజు కూడా చూడకుండా పోయాడు. వాడికి నీళ్ళు పోసింది నువ్వే. ఆ తర్వాత నువ్వు మా గడప తొక్కడం నేను చూడలేదు. అమ్మ నిన్ను పండక్కి కూడా పిలవనివ్వలేదు. నీ పేరు వస్తే బాపు లేచి బయటకు వెళ్ళిపోయేవాడు. ఇంట్లో ఎవరూ ఏమీ చెప్పలేదు, కానీ పిల్లవాడికి చెప్పాల్సిన పనేముంది. నర్సమ్మత్త చేతిలో తమ్ముడు పోయాడు అని నాకు నేనే తెలుసుకున్నాను. ఆ తేలు పచ్చబొట్టు, ఆ నీళ్ళు, ఆ పొగ, అన్నీ అప్పటివే. ఈ నవల అక్కడి నుంచి వచ్చింది.

మూడేళ్ళ కింద అమ్మ పోయేముందు నన్ను దగ్గరకు పిలిచి, "మీ అత్తను ఏమనకురా, ఎప్పుడూ ఏమనకు" అంది. అదొక్కటే అంది. అమ్మ మనసు ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది. నవల చివర నీకు కృతజ్ఞతలు రాసింది కూడా అందుకే. మనసులో ఏమీ లేదని చెప్పడానికి.

నువ్వు ఈ ఒక్క లైను కోసం ఇంత పట్టుబడుతుంటే నాకు వేరేగా అనిపిస్తోంది. నా చేత ఈరమ్మను కాదు, నిన్ను విడిపించుకోవాలని చూస్తున్నావేమో. అవసరం లేదు అత్తమ్మా. నీ చేతిలో ఏ పొరపాటు జరిగినా కావాలని చేసింది కాదు. మేమంతా నిన్ను ఎప్పుడో క్షమించాం.

ఇక దీన్ని ఇంతటితో వదిలెయ్యి.

ఎల్లేష్


అలియాబాద్,
20-8-2024

ఎల్లేష్‌కు.

నీ ఉత్తరం మెహ్జబీన్ చదివింది. "క్షమించాం" అన్న కాడ ఆగి నా మొకం సూసింది. మల్ల చదువు అన్న. మల్ల చదివింది. దుకాణం షట్టర్ సగం దించి ఇది రాపిస్తున్న.

ఎవలు ఎవల్ని క్షమించిండ్రురా?

మీ తమ్ముడు పుట్టిన నాలుగో దినం. నీళ్ళు పోద్దామని బట్ట ఇప్పిన. బొడ్డు మీద పచ్చి ఆవుపెండ. ఇదేంది ఒదినె అంటే, బొడ్డు జల్దీ ఎండుతదని మా అమ్మ చెప్పింది అన్నది మీ అమ్మ. కడిగిన. ఉడుకునీళ్ళతోని రెండుసార్లు కడిగి, ఇట్ల పెట్టొద్దు ఒదినె, ఏం పెట్టకుంటేనే ఎండుతది అని చెప్పిన. సరే అన్నది. ఐదో దినం మల్ల ఉన్నది. మల్ల కడిగిన, ఈసారి గట్టిగ తిట్టిన. తల్లి చెప్పిన మాట ఒకదిక్కు, ఆడబిడ్డ చెప్పిన మాట ఒకదిక్కు. ఏ కోడలు ఆడబిడ్డ మాట ఇంటది?

ఏడో దినం కాళ్ళ మీద పండవెట్టుకోంగనే తెలిసింది. నోరు తెరుస్తలేడు. దవడ బిగిసింది. పాలు పట్టబోతే పెదువులు కదుల్తలేవు. ఈపు విల్లు లెక్క వంగింది. నీళ్ళు పొయ్యలే. గట్లనే బట్టల సుట్టి రోడ్డు మీదికి ఉరికిన. కరీంనగర్ నుంచి వచ్చే బస్సు ముంగట అడ్డం నిలబడి ఆపిన. నేను, మీ బాపు, ఏడు దినాల బాలింత మీ అమ్మ. పట్నం పెద్ద దవాఖానకు పోయినం.

డాక్టరమ్మ పిల్లగాన్ని సూసి ధనుర్వాతం అన్నది, ఒక్కటే అడిగింది: "బొడ్డుకు ఏం పెట్టారు? ఎవరు పెట్టారు?"

మీ అమ్మ గోడ పట్టుకొని నిలబడ్డది. గా మొకం నువ్వు మూడు వందల పేజీలల్ల రాయలేవు, ఇంకో మూడు వందలు ఇచ్చినా రాయలేవు. అప్పటిదాక ఆమెకు తెల్వదు. డాక్టరమ్మ అడిగినంకనే తెలిసింది. పెదువులు కదిలినయి. చెప్పబోతున్నది. నేను ముందుగాల చెప్పిన. "నేనే పెట్టిన. పెండ పెట్టిన" అన్న.

పేగు పచ్చిగ ఉన్న ఆడిది. నా చేతులతోని నేనే చంపుకున్న అని మొగని ముంగట ఒప్పుకొని ఇంటికి వస్తే ఆ వారమే బాయిల తేలేది. నీకు తల్లి ఉండేది కాదు. ఆరేండ్ల పోరగానివి నువ్వు.

డాక్టరమ్మ నన్ను నోటికొచ్చినట్టు తిట్టింది. మీ బాపు ఆడనే అందరి ముంగట చెంప మీద కొట్టిండు. మీ అమ్మ నోరు తెరవబోతే కండ్లతోని వద్దన్న. పొద్దుగూకంగ పిల్లగాడు పోయిండు.

నన్ను గడప తొక్కనియ్యలేదన్నవు. తొక్కనియ్యక కాదురా, నా మొకం సూడలేక. ఒక్కసారి శామీర్‌పేట అంగట్ల ఎదురుపడ్డది. కూరగాయల సంచి కింద పెట్టి నా రెండు చేతులు పట్టుకున్నది. నేనే ఇడిపించుకొని పోయిన. "మీ అత్తను ఏమనకు" అన్నదంటే నీకు గదే అర్థమైందా? సస్పెన్సు రాస్తవు కదా. పక్కల పండిన తల్లి నోట్ల మాట దొరకపట్టలేనోనివి నువ్వేం దొంగల్ని పడ్తవు?

నీ ఇల్లంత నన్ను క్షమించిందట. నలబై ఐదేండ్లు నేను నోరు మూసుకుంటే, నువ్వొచ్చి మన్నిస్తున్న అంటవు.

ఇది నీకు చెప్పిన. నీ పెన్నుకు చెప్పలే. చదివి చింపెయ్యి. లైను మాత్రం పంపు. పోరనికి చెమటకాయలు పుండ్లయితున్నయి, అనూహ్య ఏడ్చుకుంట చెప్పింది.

నర్సమ్మ (వేలిముద్ర)


మేడ్చల్,
25-8-2024

అత్తమ్మా,

రెండు రోజులు అన్నం ముట్టలేదు. నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. చింపలేకపోయాను. నీ కాళ్ళ మీద పడాలి నేను, ఉత్తరంలో కాదు, వచ్చి పడతాను. బాపు కొట్టిన దెబ్బకు కూడా నేనే క్షమాపణ చెప్పాలి.

మూడో రోజు పొద్దున లేచి రాయడం మొదలుపెట్టాను. ఆపలేకపోయాను. రెండో ముద్రణకు కొత్త చివరి అధ్యాయం. ఈరమ్మ కాదు, డాక్టరూ కాదు. తల్లి. తెలియక చేసిన తల్లి, ఆ నేరాన్ని తన మీద వేసుకున్న ఈరమ్మ. అరవై ఒక్కరూ ఓడిపోతారు, యాభై ఎనిమిది మందీ ఓడిపోతారు. ముప్పై ఏళ్ళుగా రాస్తున్నాను, ఇలాంటి మలుపు నా చేతికి ఎప్పుడూ రాలేదు. పబ్లిషర్ చదివి రాత్రికి రాత్రే ఫోను చేశాడు. అట్ట మీద "నిజంగా జరిగిన కథ" అని వేద్దామంటున్నాడు. సెప్టెంబరు పదిహేనుకు ప్రెస్సుకు వెళ్తుంది.

నువ్వు ఇది నా పెన్నుకు చెప్పలేదన్నావు, గుర్తుంది. పేర్లు మారుస్తాను. అయినా అమ్మ పోయింది, బాపు పోయాడు. ఇప్పుడు బాధపడేవాళ్ళెవరున్నారు? నీ మీద ఉన్న మచ్చ మాత్రం లోకం ముందు పోతుంది. అది నేను నీకు చెయ్యాల్సిన పని. అత్తమ్మా, ఇందులో నా స్వార్థం లేదని చెప్పను, నీకు అబద్ధం చెప్పలేను. కానీ స్వార్థం ఒక్కటే కాదు.

నువ్వు అడిగిన కాయితం దీంతో పంపుతున్నాను. సంతకం పెట్టి, తేదీ వేసి, నా పుస్తకాల ముద్ర కూడా కొట్టాను. "ఇరవై ఒకటో స్నానం నవలలో ఈరమ్మ ఎవరినీ చంపలేదు. రచయిత హేమచంద్ (ఎల్లేష్)." ఇది పార్వతీదేవి గారికి చూపించు. రేపే ఆ బాబుకు నీళ్ళు పొయ్యి.

నీ ఎల్లేష్


అలియాబాద్,
28-8-2024

ఎల్లేష్‌కు ఆఖరి కాయితం.

నీ లైను వచ్చింది. మెహ్జబీన్‌తోని మూడుసార్లు చదివిపిచ్చుకున్న. ముద్ర మీద చెయ్యి పెట్టి సూసిన. ఇది పట్టుకొని పోతే పార్వతీదేవి గేటు తీస్తది. పోరనికి నాలుగు దినాల్ల పుండ్లు మానుతయి. రెండు దినాలు బియ్యం డబ్బాల పెట్టుకున్న. ఇయ్యాల వాపసు పంపుతున్న.

ఎందుకంటే నీ లైను ఎనక నీ అధ్యాయం వస్తది. ఈరమ్మ చంపలే అంటే, మరి ఎవలు అని అడుగుతరు. నీ దగ్గర జవాబు తయ్యారుగ ఉన్నది. మా ఒదినె మీద కూడ చీటీలేస్తరు. ఫంక్షన్ హాల్ల కుర్చీలేసి, తల్లే చంపింది, కాదు చంపలే అని కొట్లాడుతరు. తణుకు హెడ్మాస్టర్లు తప్పులు పడ్తరు. అరవై ఒక్కమందికి మీ అమ్మ ఏడ్చిన ఏడుపు సస్పెన్సు అయితది.

బాధపడేటోళ్ళు ఎవరున్నరు అన్నవు. పడేదంత ఆమె పడి పోయింది. సచ్చిపోయేదాక రోజు పడ్డది. నువ్వు పడ్డవా? రెండు దినాలు అన్నం తినలే. మూడో దినం కలం పట్టినవు. మూడో దినానికి తల్లి కూడ నీకు మలుపే అయింది. నా మచ్చ పోగొడ్తవట. నా మచ్చ నేను ఏసుకున్నదిరా, అడిగి ఏసుకున్నది. నీకు కత కావాలని మొయ్యలే.

నీకు నేను నిజం చెప్పుడే తప్పు. క్షమించినం అన్నవని కోపంల నోరు జారిన. డెబ్బై ఎనిమిదేండ్లకు గదొక్క తప్పు చేసిన, దాన్ని నేనే సరిచేసుకుంట.

మెహ్జబీన్‌తోపాటు జానకిరామయ్య సారును కూడ పిలిపిచ్చిన. సారుకు ముందటి సంగతులేమి తెల్వదు. వచ్చి కూసోని, ఈరమ్మ అమాయకురాలని రాసిచ్చిండా మీ మేనల్లుడు అని అడిగిండు. కింద రాపిచ్చేది ముందుగాల నోటితోని చెప్పిన, అది ఇన్నంక సారు మొకం తెల్లగ అయింది. మంచినీళ్ళు తాగి, "అయితే మా ఆవిడే కరెక్టా?" అన్నడు. నలబై ఐదేండ్ల కింద ఒక పిల్లగాడు పోయిన సంగతి ఇంటే ఆయనకు తన పెండ్లాం గెలిచిందన్న రంధి. పుస్తకాలు చదివినోళ్ళకు గిదే అబ్బుతది.

మెహ్జబీన్ రాయనన్నది. "అవ్వా, అబద్ధం మీద నేను సంతకం పెట్టను" అన్నది. సారు పోయి బయట నిలబడ్డంక నేను చెప్పిన: బిడ్డా, ఇది నిజమని నువ్వు సంతకం పెడ్తలేవు. నేను చెప్పిన అని పెడ్తున్నవు. చెప్పిన్నా లేదా? కండ్లు తుడుసుకొని రాస్తాంది.

కాలనీల గేట్లు ఇంగ తెరవరు, తెలుసు. అనూహ్యను సందుల ఆపి, బోర్ల ఎట్ల పండవెట్టాలె, నొసటికి చెయ్యి ఎట్ల అడ్డం పెట్టాలె, మడతలు ఎట్ల తుడవాలె, నా కాళ్ళ మీద సద్దిమూట పెట్టి చూపిచ్చిన. నేర్చుకున్నది. తల్లే పోసుకుంటది. అత్తకు చెప్పొద్దన్న.

నీ అధ్యాయం అచ్చుకు పోతే, కింద ఉన్నదాన్ని జిరాక్సు తీపిచ్చి సారు అన్ని పేపర్లకు పంపుతడు. ఆయన పంపకుండ ఆగడు, అది నీకూ తెలుసు. అప్పుడు నీ "నిజంగా జరిగిన కథ" అబద్ధమని నేనే నిలబడి చెప్త. నీకు ఇంగ రెండే దారులు. ఈరమ్మే చంపిందని రాసుకో, నాకు అభ్యంతరం లేదు. లేకుంటే ఇప్పుడెట్ల ఉన్నదో అట్లనే మూసెయ్యి. కాళ్ళ మీద పడనీకి రావొద్దు. అధ్యాయం చింపి, మీ అమ్మ ఫోటోకు దండేసి, అప్పుడు రా. అన్నం పెడ్త.

సారును మల్ల లోపలికి పిలిచిన. ఇగ రాసుకో మెహ్జబీన్, గట్టిగ చదువుకుంట రాయి, సారు ఇననీ.

అలియాబాద్ గ్రామం, మల్లయ్య భార్య నర్సమ్మ అనే నేను ఎవరి బలవంతం లేకుండ, తెలివిల ఉండి చెప్పేది. నలబై ఐదేండ్ల కింద నా అన్న చిన్నకొడుకు, పుట్టిన ఏడో దినం, పట్నం దవాఖాన్ల పోయిండు. ఆ పిల్లగాని బొడ్డుకు పెండ పెట్టింది నేను. పిల్లగాని తల్లి పెట్టలే. ఆమె వద్దన్నది, నేను ఇనలే. ఈ నెల ఇరవై తారీఖు నాడు నేను రాపిచ్చిన కాయితంల తల్లి పెట్టిందని చెప్పింది కోపంల చెప్పిన అబద్ధం. దాన్ని ఎవరు అచ్చేసినా, కతగ చెప్పినా, అది నా అబద్ధాన్ని నమ్మి చేసినట్టే. దవాఖాన్ల డాక్టరమ్మ ముంగట చెప్పిందే నా మాట. అప్పుడూ గదే, ఇప్పుడూ గదే.

నర్సమ్మ
ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు:

1. మెహ్జబీన్, టైలర్, అలియాబాద్. చెప్పింది చెప్పినట్టు రాసిన. అంతవరకే.

2. జానకిరామయ్య, విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు. వేలిముద్ర నా సమక్షంలో వేయబడినది.